ప్లాంటులో నేర్చిన పని వదిలేసి డేటా ఎంట్రీకి వెళ్లకండి

ఇంటి నుంచి చేసే ఉద్యోగాల గురించి అడుగుతూ ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మన విశాఖలో గాజువాక, పెందుర్తి వైపు నుంచే వచ్చాయి. కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం. నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి వీఆర్‌ఎస్ తీసుకున్నారు. నేను మెకానికల్ డిప్లొమా చేసి ఒక కాంట్రాక్టరు దగ్గర ఐదేళ్లు ఫ్యాబ్రికేషన్ పని చేశాను. పని తగ్గిందని కిందటేడు మా బ్యాచ్‌లో చాలామందిని తీసేశారు. ఫ్రెండ్స్ హైదరాబాద్ వెళ్లిపోయారు, అమ్మకి ఒంట్లో బాగోక నేను కదల్లేను. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేసుకోవచ్చంటున్నారు, చేరమంటారా మేడమ్? లేక గూగుల్ వచ్చేదాకా ఆగమంటారా?

జవాబు: డేటా ఎంట్రీ వద్దు తమ్ముడూ. ఐదేళ్లు ఇనుముతో పనిచేసిన మనిషి, టైపింగ్ వస్తే చాలు ఎవరైనా చేసే పనికి పోటీ పడటం ఎందుకు? అందులో జీతం తక్కువ, మోసాలు ఎక్కువ, పైగా ఆ పనిని ఇప్పుడు కంప్యూటరే చేసేస్తోంది. మీ చేతిలో ఉన్న విద్యకి బయట గిరాకీ ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఒక షెడ్డో ఫ్యాక్టరీయో కడుతుంటే ఇంజినీరు ఇచ్చిన డిజైన్‌తో వర్క్‌షాపులో నేరుగా పని మొదలుపెట్టలేరు కదా, ఒక్కో బీము ఎంత పొడవు కోయాలి, ఏ చివర ఎన్ని రంధ్రాలు వెయ్యాలి, బేస్ ప్లేటు ఎంత మందం ఉండాలి అని ముక్క ముక్కకీ షాప్ డ్రాయింగ్ కావాలి. దాన్ని స్టీల్ డీటెయిలింగ్ అంటారు. టెక్లా స్ట్రక్చర్స్ లాంటి సాఫ్ట్‌వేర్ మీద మన దేశంలో చాలామంది విదేశాల ప్రాజెక్టులకి ఈ పని చేస్తున్నారు. దీనికి కావలసింది కంప్యూటర్ డిగ్రీ కాదు, డ్రాయింగ్ చూడగానే ఆ ముక్క కళ్లముందు కనబడటం. అది మీకు వచ్చు.

కొత్తగా నేర్చుకోవలసినవి ఉన్నాయి, లేవని చెప్పను. మనం ఎం20 (20 మిల్లీమీటర్ల) బోల్టుకి 22 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తాం, అమెరికా డ్రాయింగ్‌లో అడుగులూ అంగుళాలే, ముప్పావు అంగుళం బోల్టుకి 13/16 అంగుళం రంధ్రం. వాళ్ల డ్రాయింగ్‌లో వెల్డింగ్ గుర్తు, బాణానికి కలిపిన అడ్డగీత కింద ఉంటే బాణం చూపిన వైపు వెల్డింగ్ చేయాలి, గీత పైన ఉంటే అవతలి వైపు. వర్క్‌షాపులో చేసి వచ్చినవాడికి ఇది కొద్ది వారాల్లో పట్టుబడుతుంది, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాడికి చాలా కష్టం. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి మాత్రం కొన్ని నెలలు గట్టిగా కూర్చోవాలి.

ఒక మాట దాచకుండా చెబుతాను. మొదటి రోజు నుంచే ఇంటి నుంచి పని ఇచ్చేవాళ్లు తక్కువ. మీ డ్రాయింగ్ తప్పైతే అక్కడెక్కడో కోసిన ఇనుమంతా వృథా అవుతుంది, అందుకే చెకర్ (డ్రాయింగులు సరిచూసే సీనియర్) పక్కన కొన్నాళ్లు కూర్చోబెట్టుకుంటారు. మన ఊళ్లోనే ఏదైనా ఆఫీసులో కొన్నాళ్లు చేసి, నమ్మకం కుదిరాక ఇంటి నుంచి చేస్తానని అడగండి. అమ్మగారిని వదిలి వెళ్లకుండా ఉండటానికి అదే సరైన దారి.

ఇక గూగుల్ సంగతి. విశాఖలో ఏఐ హబ్, అంటే పెద్ద డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని వాళ్లు 2025 అక్టోబర్‌లో ప్రకటించారు. అదే ఏడాది జనవరిలో స్టీల్‌ప్లాంట్‌కి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. 2012లో జింక్ స్మెల్టర్ (జింక్ తీసే ఫ్యాక్టరీ) మూతపడటం చూసిన ఊరు మనది, ఇలాంటి వార్తలకి సంతోషపడటంలో తప్పేం లేదు. కానీ డేటా సెంటర్‌లో ఎక్కువ మందికి పని దొరికేది కట్టేటప్పుడే, స్ట్రక్చర్, కేబుళ్లు, కూలింగ్ పైపులు ఇవన్నీ వేసేటప్పుడు. నడవడం మొదలయ్యాక లోపల ఉండేవాళ్లు కొద్దిమందే. అంటే ఆ ఉద్యోగాలు కూడా మీ ట్రేడ్‌కే దగ్గర. ఆగడం వద్దు, ఈలోగా నేర్చుకోండి.

ప్రశ్న: నేను పెందుర్తిలో ఉంటాను, బీఎస్సీ మైక్రోబయాలజీ. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 15 వేలు కడితే మెడికల్ కోడింగ్‌లో ట్రైనింగ్, ఆ వెంటనే గ్యారంటీగా వర్క్ ఫ్రం హోం అంటున్నారు. రెండేళ్ల పాపతో బయటికెళ్లలేను. కట్టమంటారా అక్కా?

జవాబు: కట్టకమ్మా. చదువు చెప్పి ఫీజు తీసుకుంటే అది ఇన్‌స్టిట్యూట్, ఉద్యోగం ఇస్తానని డబ్బు అడిగితే అది మోసం, ఈ రెండూ కలిపి ఒకే రసీదు మీద రాస్తే ఇంకా అనుమానించాలి. మెడికల్ కోడింగ్ మంచి పనే, నీ చదువుకి సరిపోతుంది కూడా. పేషెంట్ రికార్డు చదివి ప్రతి జబ్బుకీ చికిత్సకీ కోడ్ వెయ్యాలి, దాని మీదే అమెరికాలో ఇన్సూరెన్స్ డబ్బు వస్తుంది. ఏఏపీసీ అనే అమెరికా సంస్థ పెట్టే సీపీసీ అనే కోడింగ్ పరీక్ష పాసైతే కంపెనీలు గౌరవిస్తాయి. ఎక్కడ చేరినా, అక్కడ ఇంతకుముందు నేర్చుకున్న ఇద్దరితో నువ్వే మాట్లాడు, వాళ్లు చూపించినవాళ్లతో కాదు.

ఈ విషయంలో మన ఊరికి తగిలిన దెబ్బ చిన్నది కాదు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, డబ్బు కట్టించుకుని, మన కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఇంట్లో కూర్చున్నవాళ్లకైతే టెలిగ్రామ్‌లో టాస్కులు వస్తాయి. హోటల్‌కి రేటింగ్ ఇవ్వమంటారు, మొదట వందో రెండొందలో నిజంగానే వేస్తారు, తర్వాత డిపాజిట్ అంటారు. ఆ వంద చూసే చాలామంది నమ్మేస్తున్నారు, చదువుకున్నవాళ్లు కూడా. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఇంట్లో తిడతారేమోనని టెన్షన్ పడుతూ తెల్లారేదాకా ఆగితే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

ప్రశ్న: మా ఆయన మధురవాడలో ఇంటి నుంచి అమెరికా కంపెనీకి పనిచేస్తారు. కరెంటు పోయినప్పుడల్లా గొడవే. ఏం చేయాలి?

జవాబు: ఇన్వర్టర్ మీద రౌటర్, లాప్‌టాప్ రెండూ నడిచేలా ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ చేయించండి, చాలామంది ఫ్యాన్లకీ లైట్లకీ ఇచ్చి రౌటర్‌ని మరిచిపోతారు. నెట్ కనెక్షన్లు రెండు ఉండాలి, రెండూ వేరే కంపెనీలవి, ఒకటి మొబైల్‌ది అయినా పర్వాలేదు. అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. హుద్‌హుద్ నాటి రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. వాయుగుండం వార్త రాగానే ఆఫీసుకి ముందే మెయిల్ పెట్టమనండి, కాల్ మధ్యలో మాయమైపోవడం కన్నా అది నయం.

ప్రశ్న: గోపాలపట్నంలో ఉండి కెనడా క్లయింటుకి పైపింగ్ డ్రాయింగులు గీస్తున్నాను. డబ్బు నేరుగా బ్యాంకుకి వస్తోంది. జీఎస్టీ కట్టాలా?

జవాబు: ఏడాదికి మీ రాబడి 20 లక్షలు దాటనంతవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాటితే రిజిస్టర్ చేసుకుని ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా విదేశానికి సర్వీసు ఇస్తానని రాసిచ్చే హామీపత్రం) ఇవ్వండి, విదేశానికి ఇచ్చిన సర్వీసుగా లెక్కలోకి వస్తే పన్ను పడదు. ఇన్‌కం ట్యాక్స్ వేరే సంగతి, దాని లెక్క విడిగా చూసుకోవాలి. ప్రతి పనికీ ఇన్వాయిస్ రాయండి, డబ్బు వచ్చినప్పుడల్లా బ్యాంకు నుంచి ఫారిన్ రెమిటెన్స్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోండి, మార్చి నెలాఖరులో కాకుండా ఇప్పుడే ఆ కాగితాలతో ఒక సీఏని కలవండి.