డయాలసిస్ మానేస్తేనే విశ్వాసమా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, లూథరన్ సంఘం. షుగర్ వల్ల మావారి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. స్వస్థత కూటాలకు వెళ్లే మా ఆడపడుచు, డయాలసిస్ మానేసి మూడు రోజులు ఉపవాసముంటేనే దేవుడు ముట్టి బాగుచేస్తాడంటోంది. మావారేమో ఇది తన పాపానికి శిక్ష అనుకుని సంస్కారం (ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం) కూడా వద్దంటున్నారు. ఏడాదిగా సంఘానికి చందా కట్టలేదు, పాస్టర్ గారిని పిలవాలంటే మొహం చెల్లడం లేదు.

జవాబు: అమ్మా, డయాలసిస్ ఒక్క విడత కూడా తప్పనివ్వకండి. మూత్రం సరిగా రాని మనిషి తాగిన నీరు ఒంట్లోనే నిలిచి, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. పొటాషియం పెరిగితే ఏ సూచనా లేకుండానే గుండె ఆగిపోవచ్చు. ఉపవాసమూ కూడదు. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుందని అందరికీ తెలుసు. ఉపవాసం విడిచేటప్పుడు ప్రేమగా ఇచ్చే కొబ్బరి నీళ్లు, బత్తాయి రసం నిండా పొటాషియమేనని చాలామందికి తట్టదు. అంతగా అయితే ఆ ఉపవాసం మీ ఆడపడుచు గారే ఉండి తమ్ముడి కోసం ప్రార్థించవచ్చు, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు.

మందు వాడితే విశ్వాసం లేనట్టే అన్న బోధ మన సంఘానిది కాదు. 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు, మన సంఘానికి ఆ పేరు తెచ్చిన మార్టిన్ లూథర్ ఊరు వదలకుండా రోగుల మధ్యే ఉన్నారు. ఆ రోజుల్లో రాసిన లేఖలో, మందులు వాడకుండా దేవుణ్ని శోధించవద్దని గట్టిగా హెచ్చరించారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ని పంపింది కూడా లూథరన్ మిషనే కదా!

శిక్ష మాటకొస్తే, మీవారికి యోహాను 9:3 చదివి వినిపించండి. పుట్టుగుడ్డి విషయంలో వీడి పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగితే, రెండూ కాదన్నాడు యేసు. సంస్కారానికి యోగ్యుడెవరో లూథర్ విశ్వాస పాఠాలుగా రాసిన చిన్న ప్రశ్నోత్తరిలోనే ఉంది: 'మీ కొరకు' అన్న మాటను నమ్మినవాడు. మనసు కుంగిన మనిషికి ఉద్దేశించినదే ఆ బల్ల. ఆయన ఇంకా వద్దంటే బలవంతం చేయకండి. 13వ కీర్తన కలిసి చదవండి. 'ఎన్నాళ్లు' అని దేవుణ్ని నిలదీసే ప్రార్థన అది, ఆయన నోట ఇప్పుడు రావలసిన మాటలు అవే.

పాస్టర్ గారికి ఈరోజే ఫోన్ చేసి, ఇంటికొచ్చి సంస్కారం ఇవ్వమనండి. డయాలసిస్ రోజు మనిషి నీరసంగా ఉంటాడు, మర్నాడు ఉదయం పెట్టుకోండి. తెల్లగుడ్డ పరిచిన చిన్న బల్ల చాలు. ద్రాక్షరసం ఒక్క గుక్కే కాబట్టి భయం లేదు. అదీ వద్దనిపిస్తే రొట్టెను రసంలో ముంచి ఇమ్మని అడగండి. చందా ఊసు అప్పుడు ఎత్తకండి. 1517లో లూథర్ లేవదీసిన గొడవే క్షమాపణకు వెల కట్టడం మీద. బకాయి గురించి తర్వాత కోశాధికారితో విడిగా మాట్లాడుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. రాకపోతే ఆసుపత్రి కాగితాలతో గ్రామ సచివాలయంలో అడగండి.

ఇంకొకటి. ప్రార్థనకు వచ్చినవాళ్లు ఆప్యాయంగా చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చెయ్యి నొక్కుకుపోతే రక్తం గడ్డకట్టి అది మూసుకుపోవచ్చు. ఆ వైపు ఎవరినీ కూర్చోనివ్వకండి.