పాత హాస్య ధారావాహికల డీవీడీ సొమ్ము నటులకు చేరుతుందా?

పాత అమెరికా టీవీ హాస్య ధారావాహిక ‘హ్యాపీ డేస్’ డీవీడీలు కొంటే ఆ డబ్బులో కొంతైనా నటులకు వెళ్తుందా అని ఒకరు అడిగారు. వెళ్తుంది గానీ చాలా తక్కువ.

అమెరికా నటుల సంఘం ఒప్పందంలో పునఃప్రసారాల లెక్క వేరు, వీడియో అమ్మకాల లెక్క వేరు. పునఃప్రసారం ఎన్నిసార్లు జరిగినా చెల్లించాలన్న హక్కు 1974 ఒప్పందంతో వచ్చింది. అంతకు ముందు కొన్ని ప్రసారాల తర్వాత చెల్లింపు ఆగిపోయేది. అందుకే 1964-67 నాటి మరో అమెరికా హాస్య ధారావాహిక ‘గిలిగన్స్ ఐలాండ్’ దశాబ్దాలపాటు తిరిగి తిరిగి ప్రసారమైనా నటులకు ఏమీ మిగల్లేదు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

వీడియో విషయంలో అసలు మెలిక ఇది: టోకు రాబడి మొత్తాన్ని లెక్కలోకి తీసుకోరు. సాధారణంగా అందులో 20 శాతాన్నే ఆధారంగా పెట్టుకుని, దాని మీద సుమారు 5 శాతం ఇస్తారు. అంటే 100 డాలర్ల టోకు అమ్మకం మీద దాదాపు ఒక డాలరు, అదీ నటులందరికీ కలిపి!

‘హ్యాపీ డేస్’ నటులు 2011లో కోర్టుకెక్కింది మాత్రం మరో హక్కు కోసం. డీవీడీ పెట్టెల మీద, ఇతర వస్తువుల మీద తమ బొమ్మలు వాడినందుకు ఒప్పందం ప్రకారం రావలసిన వాటా ఇవ్వలేదని మేరియన్ రాస్, ఆన్సన్ విలియమ్స్, డాన్ మోస్ట్, ఎరిన్ మోరన్ తదితరులు అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ మీద దావా వేశారు. 2012లో రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి సుమారు 65 వేల డాలర్లు దక్కాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. కాబట్టి ఏ నటుడి గురించైనా తెలుసుకోవాలంటే ముందు ధారావాహిక తీసిన సంవత్సరం చూడండి, తర్వాత ఆయన సొంత ఒప్పందంలో బొమ్మ వాడకం గురించి ఏముందో వెతకండి.