పాఠకుల ప్రశ్నలు: కంపు కొడుతున్న ఎరువు బకెట్

ప్ర: ఫ్లాట్ బాల్కనీలో, పాత పెయింటు బకెట్‌లో వంటింటి చెత్తతో ఎరువు చేస్తున్నాను. మూడు వారాలకే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, తెల్ల పురుగులు. పుల్ల మజ్జిగ పోస్తే సర్దుకుంటుందని పక్కింటావిడ అంటున్నారు. – ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జ: మజ్జిగ పోయకండి. ఇప్పటికే తడి ఎక్కువైన చెత్తకు ఇంకో గ్లాసుడు నీళ్ళు పోసినట్టే అవుతుంది. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలి ఆడని చోట పెరిగే బాక్టీరియా దాన్ని వదులుతుంది. మంచి ఎరువు చేసే సూక్ష్మజీవులకు మనలాగే ఆక్సిజన్ కావాలి.

చెత్తంతా గోనెసంచి మీద పోసి ఓ పూట ఆరనివ్వండి. బకెట్ అడుగునా చుట్టూ పెన్సిల్ దూరేంత కంతలు ఓ పాతిక పెట్టించి, కింద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. ఇకపై మగ్గు తడి చెత్తకు రెండు మగ్గుల ఎండుటాకులు వేయాలి, కొబ్బరి పొట్టయితే మగ్గుకు మగ్గు చాలు. మూడు రోజులకోసారి అడుగు దాకా తిరగెయ్యాలి. పిడికిట్లో పిండితే ముద్ద కట్టి, ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. ధారగా కారితే పొడి ఆకులు కలపండి, పొడిపొడిగా రాలిపోతే కాస్త నీళ్ళు చిలకరించండి. ముక్కుపుటాలు మండే అమ్మోనియా ఘాటు వస్తే కూరగాయల తొక్కలు ఎక్కువయ్యాయని అర్థం, దానికీ ఎండుటాకులే మందు. సాంబారు, నూనె, మాంసం వద్దు.

పురుగులు ఈగల పిల్లలే, ఎరువుకు హాని చేయవు. పైన అంగుళం మందాన పొడి ఆకులు కప్పితే ఈగలు గుడ్లు పెట్టవు. తోడు కావాలంటే పాత ఎరువు గుప్పెడు వేయండి, అది మజ్జిగ కన్నా ఎన్నో రెట్లు మేలు. పెద్ద కుప్పలు 55 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి. చిన్న బకెట్‌లో వేడి నిలవదు కాబట్టి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. తొలకరి వానకు తడిసిన మట్టి వాసన వస్తే ఎరువు తయారైనట్టు. ఆ వాసన ఆక్టినోబాక్టీరియా ఇచ్చేది. జల్లించి, ఒక పాలు ఎరువుకు మూడు పాళ్ళు మట్టి కలిపి వాడండి.

ప్ర: డిసెంబరు వచ్చిందంటే పెరుగు తీగలా సాగుతోంది. – అంబర్‌పేట

జ: పాలు చల్లారిపోయాక తోడు పెడుతున్నారు. కొన్ని లాక్టిక్ బాక్టీరియా తక్కువ వేడిలో జిగురు చక్కెరలు ఎక్కువగా తయారుచేస్తాయి. వేలు పెడితే హాయిగా ఉండే వేడిలో, అంటే 40–43 డిగ్రీల దగ్గర తోడేసి, గిన్నెను హాట్‌ప్యాక్‌లో పెట్టండి. తోడు కూడా వేరే ఇంటి నుంచి తెచ్చుకోండి.

ప్ర: హెపటైటిస్ బి టీకా ఈస్టుతో చేస్తారట. దానివల్ల బిడ్డకు ఆ జబ్బే వస్తే? – మల్కాజిగిరి

జ: రాదు. అందులో వైరస్ ఉండదు. వైరస్ పైపొర ప్రొటీన్‌కు సంబంధించిన ఒక్క జన్యువును ఈస్టులో పెడతారు. ఈస్టు ఆ ప్రొటీన్ తయారుచేస్తే, దాన్ని శుద్ధిచేసి టీకాలో వాడతారు. మన దేశంలో ఈ పద్ధతిలో తొలిసారి టీకా తయారుచేసి 1997లో తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు వేయించండి, ఆలస్యం చేయొద్దు. ఈ టీకా 2–8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకడితే అందులోని అల్యూమినియం లవణం ముద్దలు కట్టి టీకా పనికిరాకుండా పోతుంది. కాబట్టి కొని తెచ్చేటప్పుడు సీసాను ఐసుముక్కలకు నేరుగా ఆనించకండి.