అమెరికాలో యూదులు ఇతరుల హక్కుల కోసం ఎందుకు నిలబడతారు?

"తమ గుడి, తమ పండగలు తాము చూసుకోకుండా నల్లజాతివాళ్ళ ఓటు గురించీ, శరణార్థుల గురించీ యూదులకెందుకు? అందులో వాళ్ళకేం లాభం?" అని అడిగారు. నేను న్యూజెర్సీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మా పక్కింటావిడ యూదురాలు, రిటైరైన టీచరు. ఆవిడ వల్ల దగ్గరగా చూసిందే చెప్తాను.

2019లో నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేసి ఇంటికి రాగానే ఆవిడ కేకు తెచ్చారు. డబ్బా మీద ఓటరు నమోదు ఫారం పెట్టి ఉంది. "ముందు ఇది నింపు, కేకు తర్వాత కోద్దాం" అన్నారు. ఇండియాలో ఉన్నన్నాళ్ళూ నేను ఓటేసింది రెండేసార్లు.

తర్వాత ఆవిడే నన్ను వాళ్ళ ప్రార్థనా మందిరానికి, అంటే సినగాగ్‌కి, తీసుకెళ్ళారు. వాళ్ళు శనివారం పెన్ను పట్టుకోరు, పనులు మానే విశ్రాంతి రోజు, సబ్బాతు కదా. అందుకని పిల్లలకి హీబ్రూ క్లాసులు జరిగే ఆదివారం పొద్దున గేటు దగ్గర ఒక బల్ల వేసి, వచ్చేపోయేవాళ్ళ చేత ఫారాలు నింపిస్తారు. ఎవరికి ఓటేయాలో మాత్రం అక్కడ ఎవరూ చెప్పకూడదు. ఒక కుర్రాడు అడిగితే ఆవిడ, "ఎన్నికకి 21 రోజుల ముందే నమోదు గడువు అయిపోతుంది, అది గుర్తుపెట్టుకో" అని ఊరుకున్నారు.

ఆ బల్ల దగ్గర నేను పనికొస్తానని అనుకోలేదు. కానీ మనవాళ్ళ ఫారాలు చూశాక అర్థమైంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. లైసెన్సు మీద ఒకలా, ఫారం మీద ఇంకోలా పడుతుంది. కొందరి లైసెన్సుల్లో తండ్రి పేరే చివరి పేరు. అక్కడున్నవాళ్ళెవరికీ ఈ గొడవ తెలియదు. మొదటి రోజే ముగ్గురు తెలుగువాళ్ళ ఫారాలు పక్కన కూర్చుని సరిచేయించాను. అప్పట్నించీ ఎన్నికలొస్తే నా ఆదివారాలు అక్కడే.

ఇక మీరడిగిన "ఎందుకు". వాళ్ళు "త్సెదకా" అనే మాట వాడతారు. మనం దానం అంటామే, అలాంటిదే అనుకున్నాను మొదట్లో. కానీ దాని ధాతువుకి అర్థం న్యాయం. ఉన్నవాడు దయతలచి ఇచ్చేది కాదు, ఎదుటివాడికి దక్కాల్సింది దక్కేలా చూడటం. పైగా పాసోవర్ అనే పండగ రాత్రి భోజనాల బల్ల దగ్గర ప్రతి ఏడూ, ఈజిప్టు బానిసత్వం నుంచి తామే బయటపడ్డట్టు ఆ కథ చెప్పుకుంటారు. పరాయివాణ్ణి బాధపెట్టవద్దు, మీరూ అక్కడ పరాయివాళ్ళే అని వాళ్ళ పవిత్ర గ్రంథం తోరా పదేపదే అంటుంది. చిన్నప్పట్నించీ ఇది విన్నవాళ్ళకి "మనకెందుకు" అనడం అంత తేలిక కాదు.

ఇవి ఉత్త మాటలు కావు. మాకు దగ్గర్లోని నెవార్క్‌లో జోయాకిమ్ ప్రిన్స్ అనే రబ్బీ (యూదుల మతగురువు) ఉండేవారు. హిట్లర్ కాలంలో బెర్లిన్‌లో పనిచేసి, 1937లో అక్కణ్ణుంచి వెళ్ళగొట్టబడిన మనిషి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో నల్లజాతివాళ్ళ హక్కుల కోసం జరిగిన పెద్ద సభలో మార్టిన్ లూథర్ కింగ్ కంటే ముందు మాట్లాడారు. ద్వేషం కంటే కూడా అందరూ నోరు మూసుకుని ఉండటమే అన్నిటికన్నా పెద్ద సమస్య అన్నారు, జర్మనీలో తాను చూసింది అదేనని. మరుసటి ఏడాది మిసిసిపీలో నల్లజాతివాళ్ళ ఓటు కోసం పనిచేస్తున్న ముగ్గురు యువకుల్ని కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా మనుషులు చంపేశారు. జేమ్స్ చేనీ స్థానిక నల్లజాతి కుర్రాడు. గుడ్‌మన్, ష్వెర్నర్ న్యూయార్క్ నుంచి వచ్చిన యూదులు. గుడ్‌మన్ వయసు 20. లాభం అని అడిగారు కదా, ఆ పిల్లలు గుర్తొస్తే నాకు ఆ మాట నోటికి రాదు.

యూదులందరూ ఇలాగే ఉంటారని కాదు. ఆ రోజుల్లో దక్షిణాది యూదుల్లో చాలామంది భయంతో వెనక్కి తగ్గారు. 1958లో అట్లాంటాలో సినగాగ్ మీద బాంబు వేశారు మరి. ఇప్పుడు కూడా ఇజ్రాయెల్ మాటొస్తే ఒకే ఇంట్లో రెండు పక్షాలు. మా బల్ల దగ్గరే ఎన్నో వాదనలు విన్నాను.

మనకి సంబంధించిన సంగతి ఒకటుంది. మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1924లో అమెరికా చేసిన చట్టం తూర్పు ఐరోపా యూదుల రాకని బాగా బిగించేసింది, ఆసియావాళ్ళకి తలుపు మూసేసింది. అప్పుడే కొత్తగా కాంగ్రెస్‌కి ఎన్నికైన బ్రూక్లిన్ యూదుడు ఎమాన్యుయెల్ సెల్లర్ దాన్ని ఎదిరించి ఓడిపోయారు. వదల్లేదు. 1946లో భారతీయులకి పౌరసత్వపు హక్కూ, ఏడాదికి 100 మంది కోటా తెచ్చిన చట్టం మీద ఆయన పేరుంది. 1965లో దేశాలవారీ కోటాలని ఎత్తేసిన చట్టం మీదా ఆయన పేరే ఉంది. ఆ తర్వాతే మన డాక్టర్లూ ఇంజినీర్లూ పెద్దఎత్తున రాగలిగారు. తనవాళ్ళ కోసం మొదలుపెట్టిన పోరాటంతో, 41 ఏళ్ళ తర్వాత తను చూడని ఊళ్ళవాళ్ళకి కూడా దారి తెరిచారు.

మీరు అమెరికాలోనే ఉంటే, మీ ఊళ్ళో ఇలాంటి బల్ల ఎక్కడ వేస్తున్నారో కనుక్కుని ఒక్క ఆదివారం వెళ్ళండి. ఇంటిపేరు సంగతి తెలిసిన మనిషి అక్కడ అవసరం.