పెడిగ్రీ కాగితం ఉంది సరే, కిడ్నీల సంగతేంటి? (మీ ప్రశ్నలు - మా జవాబులు)

ఈసారి ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి పిల్లుల మీదే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి, అన్నీ జాతి పిల్లుల గురించే, అందుకని వాటన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాను.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక సోదరి): మా ఇంట్లో రెండు పర్షియన్ పిల్లులున్నాయండి, భువనేశ్వర్‌లో కొన్నాం, ఒకే కాన్పులో పుట్టిన అన్నాచెల్లెళ్ళు. ఆడదానికి పది నెలలు, హీట్‌కి వచ్చి రాత్రంతా ఒకటే అరుపు. రెండింటికీ పెడిగ్రీ కాగితాలు (వంశం రాసిన పత్రాలు) ఉన్నాయి కదా, వీటికే క్రాసింగ్ చేయించేస్తే పిల్లలు ప్యూర్‌గా వస్తాయి, మగపిల్లి కోసం ఊళ్ళు తిరగక్కర్లేదు అంటున్నారు మా ఆయన. మనిళ్ళల్లో మేనరికాలు లేవా ఏంటి అని కూడా అంటున్నారు. చేయించొచ్చా?

జవాబు: వద్దమ్మా, అస్సలు వద్దు. మీ ఆయన మేనరికం మాట ఎత్తారు కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను. మేనబావని చేసుకుంటే పుట్టే బిడ్డకి ఏదైనా ఒక జీన్ రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవే అయ్యే అవకాశం 6.25 శాతం, మేనమామని చేసుకుంటే 12.5, అదే అన్నాచెల్లెళ్ళయితే 25 శాతం. ఇది కూడా మీ పిల్లుల అమ్మానాన్నలు ఒకదానికొకటి ఏమీ కానివైతేనే, వాళ్ళే చుట్టాలైతే ఇంకా పెరుగుతుంది, మన దగ్గర ఒకే మగపిల్లిని పెట్టుకుని దాని కూతుళ్ళకీ దానికే కట్టించేవాళ్ళు ఉన్నారు కాబట్టి కాగితంలో తాత పేరు రెండు చోట్ల కనిపిస్తుందేమో ఒకసారి తీసి చూడండి.

దీనివల్ల ఏమవుతుంది అంటే, పర్షియన్లలో పిల్లగా ఉండగానే చూపు పోయే ఒక రెటీనా (కంటి లోపలి పొర) జబ్బుంది, చెడ్డ జీన్ ఒక కాపీ ఉంటే పిల్లి శుభ్రంగా ఉంటుంది, బయటికి తెలీదు, కానీ అమ్మా నాన్నా ఇద్దరికీ ఆ ఒక్కో కాపీ ఉంటే పుట్టే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు గుడ్డిదయ్యే ప్రమాదం, నాలుగు నెలలు నిండేసరికి చూపు పోతుంది. ఒకే కడుపున పుట్టిన వాటిలో దాక్కున్న జీన్లూ ఒకటే అయ్యుండే ఛాన్స్ ఎక్కువ కదా, భయం అక్కడే.

కిడ్నీల జబ్బు దారి వేరు. పీకేడీ అంటారు, కిడ్నీల్లో నీటి తిత్తులు పుట్టి ఏళ్ళ తరబడి పెరుగుతూనే ఉంటాయి. దీనికి చెడ్డ జీన్ ఒక్క కాపీ చాలు, అమ్మకో నాన్నకో ఎవరో ఒకరికి ఉంటే సగం పిల్లలకి వస్తుంది, కాబట్టి బయటి నుంచి ఎంత దూరపు మగపిల్లిని తెచ్చినా టెస్టు లేకపోతే లాభం లేదు. ఆ జీన్‌లో తప్పు ఎక్కడుందో 2004లో కనిపెట్టారు, అప్పటి సర్వేల్లో చాలా దేశాల్లో పర్షియన్లలో మూడో వంతుకు పైగా దీంతోనే ఉన్నాయి. అన్నిటికన్నా బాధ ఏంటంటే పిల్లి చిన్నగా ఉన్నప్పుడు ఏమీ కనపడదు, గంతులేస్తుంది, తింటుంది, ముద్దుగా ఉంటుంది, ఏడేళ్ళ వయసు అటూఇటూలో నీళ్ళు ఎక్కువ తాగడం, బరువు తగ్గడం, బొచ్చు జిగురుగా అట్టలు కట్టడం మొదలవుతాయి, అప్పటికే దాన్ని నాలుగైదు సార్లు కట్టించి పిల్లల్ని అమ్మేసుంటారు, ఆ పిల్లలకీ పిల్లలు పుట్టేసుంటాయి. పెడిగ్రీ కాగితం ఎవరి కడుపున పుట్టిందో చెప్తుంది గానీ కిడ్నీల గురించి ఒక్క ముక్క చెప్పదు, పర్షియన్ కొనేవాళ్ళందరూ ఇది గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇప్పుడు చేయాల్సింది: రెండింటినీ ఈరోజే వేరువేరు గదుల్లో పెట్టండి, వాటికి అన్నాచెల్లెళ్ళమన్న సంగతి తెలీదు. పది నెలలు దాటాయి కాబట్టి అల్ట్రాసౌండ్‌లో తిత్తులు చాలావరకు తెలుస్తాయి, గరివిడి వెటర్నరీ కాలేజీ గానీ విశాఖ గానీ వెళ్ళొచ్చు, పిల్లులకి స్కాన్ చేస్తున్నారో లేదో ముందు ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. డీఎన్‌ఏ టెస్టుకైతే రక్తం కూడా అక్కర్లేదు, బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి ల్యాబ్‌కి పంపిస్తే చాలు, ఏ వయసులోనైనా చేయించొచ్చు. ఇదంతా చేయించే ఓపిక లేకపోతే రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయండమ్మా, అరుపులూ ఆగుతాయి, ఆడదానికి గర్భసంచిలో చీము పట్టే ప్రమాదమూ ఉండదు.

ప్రశ్న (జయపురం నుంచి ఒక తమ్ముడు): మా బ్రిటిష్ షార్ట్‌హెయిర్ నాలుగు పిల్లల్ని పెట్టింది సార్, పుట్టినప్పుడు బలంగా ఉన్నాయి, గట్టిగా పాలు తాగాయి, మూడో రోజుకి మూడు చచ్చిపోయాయి. బతికిన దాని తోక చివర నల్లబడి ఎండిపోతోంది. మా అమ్మ దిష్టి అంటోంది, అందరూ వచ్చి చూశారు కదా అని. తండ్రి వైజాగ్‌లో వేరేవాళ్ళ పిల్లి. మా తప్పు ఏమైనా ఉందా?

జవాబు: ముందు బతికిన పిల్లని వెంటనే డాక్టరుకి చూపించు తమ్ముడూ, చలి తగలకుండా పట్టుకెళ్ళు. ఇన్‌ఫెక్షన్‌తో కూడా పిల్లలు పోతాయి కాబట్టి ఇదే అని ఇక్కడ కూర్చుని తేల్చలేను, కానీ నువ్వు తోక చివర సంగతి రాశావే, అది చదవగానే నాకు తట్టింది రక్తం గ్రూపు. పిల్లులకి ఏ, బీ, ఏబీ అని గ్రూపులుంటాయి, మన వీధి పిల్లుల్లో ఎక్కువ ఏ, బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌లో మాత్రం బీ చాలా కనిపిస్తుంది. బీ గ్రూపు తల్లి రక్తంలో ఏ గ్రూపుకి వ్యతిరేకంగా యాంటీబాడీలు (పరాయి కణాల మీద దాడి చేసేవి) వాటంతటవే తయారై ఉంటాయి, ఎక్కించిన రక్తం వల్ల రావాల్సిన పని లేదు. తండ్రి ఏ అయితే పిల్లల్లో సగమో అన్నీనో ఏ గ్రూపువే అవుతాయి. కడుపులో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, పుట్టాక తొలి ముర్రుపాలతో ఆ యాంటీబాడీలు పిల్లల ఒంట్లోకి వెళ్ళి ఎర్ర కణాల్ని చీల్చేస్తాయి. అందుకే ఎంత బలంగా పాలు తాగితే అంత త్వరగా పోతాయి, చూసేవాళ్ళకి మతి పోతుంది. ఉచ్చ కాఫీ రంగులోకో ఎర్రగానో రావడం, చిగుళ్ళు పసుపు తిరగడం, బతికినవాటికి తోక చివరో చెవి చివరో నల్లబడి రాలిపోవడం గుర్తులు.

మీ అమ్మగారికి చెప్పు, చూసినవాళ్ళ కళ్ళ తప్పేం లేదు. నీ తప్పు అంటే కట్టించే ముందు రెండు పిల్లులకీ బ్లడ్ గ్రూపు చూపించకపోవడమే, అది ఎవరూ చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది, మగపిల్లిని ఇచ్చినవాళ్ళు అడగాల్సింది. ఇప్పుడు తల్లికి టెస్టు చేయించు. బీ వస్తే బీ మగపిల్లికే ఇవ్వాలి. ఒకవేళ ఇలాంటి కాన్పే మళ్ళీ జరిగితే మొదటి 24 గంటలు పిల్లల్ని తల్లి పాలకి దూరంగా ఉంచి, పిల్లికూనల పాలపొడి కలిపి రెండేసి గంటలకి పట్టాలి, ఆ తర్వాత వాటి పేగులు యాంటీబాడీల్ని లోపలికి తీసుకోవు కాబట్టి తల్లి దగ్గర వదిలేయొచ్చు. ఆవుపాలు మాత్రం పట్టొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక పాఠకుడు): చెవులు మడిచినట్టుండే స్కాటిష్ ఫోల్డ్ జత ఇస్తామంటున్నారు, ఇన్‌స్టాలో చాలా క్రేజ్ ఉందట, పిల్లలకి మంచి రేటు వస్తుందంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోవద్దండి, జత అయితే మరీ వద్దు. ఆ చెవి ముడుచుకోవడమే ఒక జబ్బు. 1961లో స్కాట్లాండ్‌లో పెర్త్‌షైర్ దగ్గర ఒక పొలంలో సూసీ అనే తెల్ల పిల్లికి అలా పుట్టింది, దాని వంశమే ఇవన్నీ. కార్టిలేజ్, అంటే మెత్తటి ఎముక, సరిగ్గా ఏర్పడకపోవడం వల్ల చెవి ముందుకి వాలిపోతుంది. ఆ కార్టిలేజ్ చెవుల్లోనే ఉండదు కదండీ, కాళ్ళ కీళ్ళల్లో, తోక పూసల్లో కూడా ఉంటుంది. టీఆర్‌పీవీ4 అనే జీన్‌లో తప్పు అని 2016లో తేల్చారు. ఒక కాపీ ఉన్నా కీళ్ళు ఎంతో కొంత దెబ్బతింటాయి, రెండు ఫోల్డ్‌లని కట్టిస్తే రెండు కాపీలొచ్చిన పిల్లలు చిన్నతనంలోనే కుంటుతాయి, కాళ్ళు పొట్టిగా లావుగా వంకరపోతాయి. బ్రిటన్‌లోని పిల్లుల రిజిస్ట్రీ 1970ల మొదట్లోనే ఈ జాతిని నమోదు చేయడం ఆపేసింది, నెదర్లాండ్స్‌లో బ్రీడింగే నిషేధం.

ఎక్కడైనా ఫోల్డ్ కనిపిస్తే తోక మొదలు నుంచి చివరి దాకా మెల్లగా వేళ్ళతో తడిమి చూడండి, మామూలు పిల్లి తోక పాములా వంగుతుంది, వీటిలో చాలావాటికి కర్రలా బిగుసుకుని ఉంటుంది, అటూఇటూ కదిపితే కస్సుమంటుంది. వీడియోల్లో వెనక్కి వాలి కాళ్ళు చాపుకుని మనిషిలా కూర్చుంటే క్యూట్ అంటారు, చాలాసార్లు కీళ్ళ నొప్పికి అలా కూర్చుంటుంది, పిల్లి నొప్పిని దాచుకునే జంతువు, కుక్కలా మూలగదు. చెవులు నిటారుగా ఉన్న స్కాటిష్ అయితే పెంచుకోవడానికి ఇబ్బంది లేదు.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక విద్యార్థిని): మా పర్షియన్ మగపిల్లికీ పక్కింటి మామూలు పిల్లికీ పిల్లలు పుట్టాయి. ఒక్కదానికీ పొడవు బొచ్చు లేదు. మాకు అమ్మినాయన మోసం చేశాడా? అందులో మూడు రంగులది ఒకటుంది, మగదైతే లక్షలు పలుకుతుందంట కదా?

జవాబు: మోసం కాదమ్మా. పొడవు బొచ్చు రావాలంటే ఆ జీన్ అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు కాపీలూ రావాలి, పక్కింటి పిల్లి దగ్గర అది లేనట్టుంది, అంతే. మీ పర్షియన్ ఇచ్చిన కాపీ పిల్లలన్నిటిలోనూ లోపల ఉంది.

మూడు రంగులది నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఆడదే. నారింజ రంగు జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, నారింజా నలుపూ రెండూ కనపడాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, మామూలుగా ఆడదానికే రెండుంటాయి, మగదానికి ఒకటే. మగదానికి అలా రావాలంటే చాలావరకు ఎక్స్ ఎక్స్ వై అయ్యుండాలి, చాలా అరుదు, అది కూడా దాదాపు ఎప్పుడూ గొడ్డుదే, కాబట్టి దాన్ని పెట్టి బ్రీడింగ్ చేయడం కుదరదు, లక్షల మాట నమ్మకండి. పన్నెండు వారాలు నిండేదాకా పిల్లల్ని తల్లి దగ్గరే ఉంచి, టీకాలు వేయించి, తెలిసినవాళ్ళకి ఇవ్వండి, మీ మగపిల్లికి ఆపరేషన్ చేయించండి, లేకపోతే గుణుపురం వీధుల్లో వచ్చే కార్తీకానికి ఇంకో ఇరవై పిల్లలు తిరుగుతాయి.