సైకిల్ చైన్ కడగడానికి ఏది మంచిది: పెట్రోలా, డీజిలా, టర్పెంటైనా?

హైదరాబాద్ మణికొండలో మూడో అంతస్తు ఫ్లాట్, గేర్ల సైకిల్, ఆదివారాలు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్క సైకిల్ ట్రాక్ మీద రైడ్, చైన్ నల్లగా మడ్డి కట్టింది. ఫ్రెండ్ పెట్రోల్ అన్నాడు, మెకానిక్ డీజిల్ అన్నాడు, సైకిల్ షాపులో డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) సీసా చూపించారు, దేన్ని నమ్మాలి అని అడిగారు. ముందు జవాబు చెప్పేస్తాను. చైన్‌ని సైకిల్ నుంచి ఊడదీయగలిగితే పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ వాడండి. ఊడదీయడం కుదరకపోతే నీళ్ళతో కడిగేసుకునే డీగ్రీజర్ తీసుకోండి. పెట్రోల్ మాత్రం దయచేసి ఇంట్లోకి తేవద్దు.

నేనూ అటువైపే తొక్కుతాను. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క, మొత్తం 23 కిలోమీటర్లు. 2023లో అది తెరిచినప్పటి నుంచి సోలార్ పలకల నీడలో హాయిగా తొక్కుకుంటున్నాం. ఆ కప్పు ఎండనైతే ఆపుతుంది గానీ దుమ్మును ఆపదు. కోకాపేట, కొల్లూరు చుట్టుపక్కల బండలు కొట్టడం, కంకర లారీలు తిరగడం ఆగేది లేదు. మన ఊరు నిలబడిందే గ్రానైట్ మీద. ఆ రాతిపొడిలో ఉండే క్వార్ట్జ్ చాలా గట్టి ఖనిజం. అది చైన్ నూనెలో కలిసిందంటే సాన పట్టే ముద్దలా తయారవుతుంది. లింకుల్ని కలిపే పిన్నుకీ, దాని చుట్టూ తిరిగే రోలర్‌కీ మధ్య కూర్చుని, మీరు తొక్కే ప్రతి తొక్కుకీ ఉక్కును కొంచెం కొంచెంగా అరగదీస్తుంది.

అందుకే చైన్ మీద కనబడే నలుపు గురించి టెన్షన్ పడక్కర్లేదు. దాన్ని పాత బనియన్ గుడ్డతో తుడిచినా పోతుంది. లోపలి సందుల్లో ఉన్నదే అసలు శత్రువు. సాల్వెంట్, అంటే జిడ్డును కరిగించే ద్రవం, ఆ సందుల్లోకి దూరాలి, పాత నూనెను కరిగించి ఇసుకను వదిలించాలి, ఆ తర్వాత తాను ఏమీ మిగల్చకుండా ఆరిపోవాలి. నా లెక్కలో ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం. సాల్వెంట్ లోపల మిగిలిపోతే మీరు వేసే కొత్త నూనెను కూడా పలచన చేసేస్తుంది. చైన్ శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ కొద్ది రోజుల్లోనే కిచకిచమంటుంది.

పెట్రోల్ జిడ్డును బాగానే కరిగిస్తుంది, గబగబా ఆరిపోతుంది కూడా. అందుకే చాలామంది దాన్నే చెబుతారు. కానీ సున్నాకి 40 డిగ్రీల దిగువన ఉన్నా అంటుకునేంత ఆవిరి దాన్నుంచి వస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువైంది కాబట్టి పైకి పోదు, నేల మీదుగా పాకుతుంది. ఇప్పుడు మీ ఫ్లాట్‌లో చైన్ ఎక్కడ కడుగుతారో ఆలోచించండి. వంటింటి వెనక వాష్ ఏరియాలోనే కదా? మన అపార్ట్‌మెంట్లలో వాషింగ్ మెషిన్, గీజర్, గ్యాస్ సిలిండర్ చాలావరకు అక్కడే ఉంటాయి. ఒక్క స్విచ్ నిప్పురవ్వ చాలు. పైగా పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కలిగించే పదార్థం. చేతులు ముంచి, వాసన పీలుస్తూ చేసే పనికి ఇది పనికిరాదు.

డీజిల్‌తో మంట భయం తక్కువ. మెకానిక్ దాన్ని ఎందుకు చెప్పాడో అర్థం చేసుకోవచ్చు. వాళ్ళ దగ్గర తొట్టి ఉంటుంది, కడిగాక గాలి కొట్టే కంప్రెసర్ ఉంటుంది. మన దగ్గర కంప్రెసర్ లేదు, డీజిల్ తనంతట తాను ఆరదు. చైన్‌ని రెండు రోజులు వేలాడదీసినా వేలికి జిడ్డు తగులుతూనే ఉంటుంది, ఇల్లంతా వాసన వేరే.

కిరోసిన్ ఈ రెండిటికన్నా మంచిదే. ఒకప్పుడు గ్యాస్ నూనె డబ్బా లేని వంటిల్లు ఉండేది కాదు, మా నాన్నగారు తన అట్లాస్ సైకిల్ చైన్ దాంతోనే కడిగేవారు. ఇప్పుడు సిటీలో అది వెతికి తెచ్చుకోవాల్సిన సరుకు అయింది. ఎక్కడైనా దొరికితే నిక్షేపంగా వాడండి, కాకపోతే ఆరడానికి ఎక్కువ టైమ్ ఇవ్వాలి.

ఇక టర్పెంటైన్. పెయింట్ షాపులో ఈ పేరుతో ఇచ్చేది చాలావరకు పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్. మనకు కావాల్సింది అదే. మీ వీధిలో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు, రాణిగంజ్ మార్కెట్ దాకా వెళ్ళక్కర్లేదు. అదే కౌంటర్‌లో థిన్నర్ కూడా అమ్ముతారు, పొరపాటున అది తెచ్చుకోకండి. థిన్నర్ ఫ్రేమ్ పెయింట్‌నీ కొన్ని రకాల ప్లాస్టిక్‌నీ తినేస్తుంది. టర్పెంటైన్ కూడా నిప్పుకి భయపడాల్సిన సరుకే. 40 డిగ్రీల లోపే అంటుకునే స్థితికి వస్తుంది, మన మే నెల మధ్యాహ్నాలు ఆ వేడిని దాటేస్తాయి. అందుకే వేసవిలో ఈ పని తెల్లవారుజామునే, టెర్రస్ మీద పెట్టుకోండి.

కడిగే పద్ధతి ఇది. క్విక్ లింక్ (చైన్ రెండు చివరల్నీ కలిపే, విప్పదీయడానికి వీలైన లింక్) విప్పి చైన్ తీసి, వెడల్పు మూతి ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. గాజు సీసా వద్దు, చైన్ తగిలి పగులుతుంది. మునిగేంత టర్పెంటైన్ పోసి, మూత బిగించి ఊపండి. నిమిషం తిరిగేలోపు ద్రవం నల్లబడిపోతుంది. దాన్ని ఇంకో డబ్బాలోకి వంచేసి కొత్తది పోసి మళ్ళీ ఊపండి. అడుగు కనబడేంత తేటగా ఉండేదాకా ఇలా చేయాలి. తర్వాత చైన్‌ని చెవి దగ్గర పట్టుకుని లింకులు అటూ ఇటూ వంచి వినండి. కరకర వినిపిస్తే లోపల ఇంకా ఇసుక ఉన్నట్టే, మరోసారి కడగండి. నేను కళ్ళ కన్నా ఈ చప్పుడునే ఎక్కువ నమ్ముతాను.

వంచేసిన నల్లటి ద్రవాన్ని పారబోయకండి. మూత పెట్టి కొన్ని రోజులు కదపకుండా వదిలేస్తే మడ్డి అంతా అడుక్కి దిగుతుంది. పైన తేరుకున్నదాన్ని మెల్లగా వంచుకుని, వచ్చేసారి మొదటి కడుగుకి వాడుకోవచ్చు. అడుగున మిగిలిన బూడిదరంగు బురదను ఒకసారి టార్చ్ వేసి చూడండి. సన్నగా మెరుస్తుంది. ఆ మెరుపులో మీ చైన్ నుంచి రాలిన ఉక్కు కూడా ఉంటుంది. ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడిగితే నేను వాళ్ళకి ఆ డబ్బానే చూపిస్తాను. ఆ బురదను సింకులో, బాత్‌రూమ్ తూములో మాత్రం పోయొద్దు. మూసీకి ఇప్పటికే చేరుతున్నది చాలు. ఏదైనా బైక్ మెకానిక్ షాపులో వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసే డ్రమ్ము ఉంటుంది, అడిగితే అందులో పోయనిస్తారు.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో మాట. టర్పెంటైన్‌ని మంచినీళ్ళ సీసాలో ఎప్పుడూ పోసి పెట్టకండి. దాహంతో తాగేస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటప్పుడు వాంతి చేయించకూడదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, మామూలు రబ్బరువి ఈ ద్రవాల్లో ఉబ్బి చిరుగుతాయి.

చైన్ ఊడదీయకుండా కడిగేటట్టయితే డీగ్రీజర్, లేదా గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్ళలో కలిపినా సరిపోతుంది. బ్రష్‌తో చైన్ మీదే రాయండి, పెడల్ వెనక్కి తిప్పుతూ. స్ప్రే మాత్రం చేయొద్దు. వెనక హబ్‌లోకి, పెడల్స్ మధ్య ఉండే బేరింగుల్లోకి వెళ్తే లోపలి గ్రీజు కరిగిపోతుంది. డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదు. కడిగాక వెంటనే గుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి, తడి ఉక్కుకి తుప్పు పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

తుప్పు పోతుందని టాయిలెట్ కడిగే యాసిడ్‌లో చైన్ నానబెట్టమని కూడా సలహాలు తిరుగుతున్నాయి. దీని గురించి గట్టిగా చెబుతున్నాను, వద్దు. యాసిడ్ వల్ల హైడ్రోజన్ ఉక్కులోకి చేరి దాన్ని పెళుసుగా చేస్తుంది. ఎత్తు ఎక్కుతూ నిలబడి తొక్కేటప్పుడు చైన్ తెగితే మనిషి హ్యాండిల్ మీదుగా పడిపోవచ్చు. సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో తన చైన్ సూచనల్లోనే తుప్పు తీసే యాసిడ్, క్షార ద్రవాలు వాడొద్దని, చైన్ తెగవచ్చని రాస్తుంది. కడగడానికి న్యూట్రల్ (యాసిడూ క్షారమూ కాని) డిటర్జెంట్ చాలంటుంది. డీగ్రీజర్ కొనేముందు సీసా వెనక ఈ సంగతి చూసుకోండి.

టర్పెంటైన్‌తో కడిగిన చైన్‌ని ఒక రాత్రంతా వేలాడదీసి, పొద్దున్నే సైకిల్‌కి తగిలించి ప్రతి రోలర్ మీద ఒక్కో చుక్క సైకిల్ చైన్ లూబ్ (చైన్ నూనె) వేయండి. కాసేపు పెడల్ తిప్పి, పైన మిగిలినదంతా తుడిచేయండి. మన ఊళ్ళో ఎక్కువ నెలలు పొడిగానే ఉంటాయి కాబట్టి వేశాక ఆరిపోయే డ్రై లూబ్ బాగుంటుంది, వానాకాలంలో తడిగానే ఉండే వెట్ లూబ్‌కి మారండి. బైక్ చైన్ స్ప్రే జిగటగా ఉండి దుమ్మును లాగుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, డిసెంబర్ పొద్దుల్లో చైన్ మీద అదే జరుగుతుంది.

ఇంత చేసేముందు చైన్ అరిగిందేమో కొలుచుకోండి. స్కేలు సున్నా గీతని ఒక పిన్ను మధ్యన పెడితే, 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యకి రావాలి. ఆ పిన్ను గీత నుంచి అంగుళంలో పదహారో వంతు దాటి జరిగితే ఆ చైన్‌ని కడగడం దండగ, కొత్తది వేయించుకోండి. మీ సైకిల్ వెనక ఎన్ని గేర్లున్నాయో రాయండి. 8 స్పీడ్ క్విక్ లింకులు చాలావరకు మళ్ళీ మళ్ళీ విప్పి పెట్టుకోవచ్చు. 11, 12 స్పీడ్ వాటిని చాలా కంపెనీలు ఒక్కసారికే అంటాయి, అలాగైతే కడిగేముందే కొత్త లింక్ తెచ్చి పెట్టుకోవాలి.