నాలుగు ముద్దల భోజనం: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఏదో మాటవరసకి, ఐదేళ్ళ కిందట నేను కూడా బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నానని రాశాను, అంతే, ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు దాని మీదే. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు, విజయనగరంలో కూర్చుని ఈ పేజీ రాసుకునే మనిషిని. రిపోర్టులు పంపకండి, నాకు చదవడం రాదు. తిండి సంగతైతే చెప్పగలను.

ప్రశ్న: మాది రాజాం, వయసు 38. ఏడు నెలల కిందట విశాఖలో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నానండి, 112 కిలోలుండేదాన్ని, ఇప్పుడు 81. మోకాళ్ళ నొప్పులు పోయాయి, షుగర్ మాత్ర కూడా తీసేశారు, అన్నీ బాగున్నాయి గానీ తిండి మీద సరదా పోయింది, కంచం ముందు కూర్చుంటే మందు తాగుతున్నట్టుంది. అన్నం రెండు ముద్దలకే గుండెల దగ్గర పట్టేస్తంది. సంక్రాంతికి అత్తోరింట్లో పొద్దున్నే వేడి వేడి అరిసెలు తీస్తంటే ఆశపడి ఒకటిన్నర తిన్నాను, పావుగంటలో ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, పడుకుండిపోయాను. మా అత్తగారు అందరి ముందూ "డబ్బులెట్టి మరీ కడుపు కోయించుకున్నాది, పండగపూట పస్తులు" అనేశారు. రుచిగా తింటే మళ్ళీ బరువు పెరిగిపోతానేమోనని భయం, తినకపోతే బతుకు చప్పగా ఉంది. ఏటి చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, నా చిన్న చెల్లెలి వయసు, నువ్వు అనే అంటాను ఏమనుకోకు. ముందు ఆ అరిసె సంగతి తేల్చేద్దాం. నీకొచ్చినదాన్ని డంపింగ్ అంటారు. మామూలు పొట్టయితే తిన్నదాన్ని కాసేపు తన దగ్గర ఉంచుకుని కొంచెం కొంచెంగా పేగులోకి వదుల్తుంది, నీ పొట్టలో ముప్పావు వంతు పైగా తీసేశారు, మిగిలింది అరటికాయలాంటి సన్న గొట్టం, అందులోంచి బెల్లం పాకం గబుక్కున పేగులోకి జారిపోయింది, పేగేమో ఆ చిక్కటి తీపిని పల్చన చెయ్యడానికి ఒంట్లోని నీళ్ళు లాక్కుంది, ఆ చెమటలూ ఆ దడా అందుకే. బైపాస్ (గుండెది కాదు, పొట్టని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలిపేది) ఆపరేషన్ అయినవాళ్ళకి ఇది మరీ ఎక్కువ, స్లీవ్ వాళ్ళలోనూ కొందరికి వస్తుంది. పండక్కి అరిసె తినడం నేరమేం కాదులే. వచ్చే ఏడు ముందు ఒక గుడ్డో నాలుగు చెంచాల పప్పో తిని, ఆ తర్వాత నువ్వులద్దిన అరిసెలో పావు ముక్క బాగా నమిలి చూడు. అప్పటికీ దడొస్తే ఆ ఏడాదికి జంతిక ముక్కతో సరిపెట్టుకో.

మందు తాగుతున్నట్టుంది అన్నావు చూడు, మూడో నెలలో నేనూ అదే మాటన్నాను. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది పొట్ట పైభాగంలో, స్లీవ్‌లో కోసి తీసేసేది కూడా ఆ భాగాన్నే, అందుకని మొదటి కొన్ని నెలలు ఆకలన్నదే తెలీదు. ఆకలి లేకుండా తినడం మనకెవరికీ అలవాటు లేని పని కదా. ఆకలి రుచెరుగదు అని పెద్దలు ఊరికే అన్లేదు, నేనైతే ముప్పై ఏళ్ళు ఆకలితోనే తిన్నాను, టీవీ చూస్తూ కంచంలో ఏముందో కూడా చూడకుండా, కంచం ఖాళీ అయితే భోజనం అయినట్టు లెక్క. ఇప్పుడు ఆకలి పోయింది, రుచొక్కటే మిగిలింది.

అది నాకు తెలిసిన రోజు గుర్తుంది. మా చిన్నాన్న చింతపల్లి సముద్రం ఒడ్డు నుంచి చందువాలు తెచ్చారు, అమ్మ మట్టిదాకలో పులుసు పెట్టింది, నేను ఆ రోజు ముట్టలేదు, మర్నాడు మా మనవరాలి ఉగ్గుగిన్నెలో వేలెడు ముక్క వేసుకుని పిల్లల చెంచా పట్టుకుని కూర్చున్నాను. అన్నం లేదు. పులుసు మీద నూనె తేరి అంచు చుట్టూ ఎర్రగా ఉంది. చెంచా కొసతో తీసి నాలిక మీద పెట్టుకుంటే ముందు మెంతుల చేదు తగిలింది, తర్వాత చింతపండు, అన్నీ అయ్యాక ఎక్కడో చివర్న చేప తీపి. చేప తియ్యగా ఉంటుందని నాకు యాభై మూడో ఏట తెలిసింది! నాలుగు చెంచాలకి పాతిక నిమిషాలు పట్టింది, ఐదోది నోటి దాకా తెచ్చేసరికి ముక్కు కారడం మొదలైంది, ఆపేశాను. ఆ ముక్కు కారడం, లేకపోతే ఒక తుమ్మో ఎక్కిలో, ఇవే ఇప్పుడు మన పొట్ట "చాలు" అని చెప్పే గుర్తులు. దాని మీద ఇంకొక్క ముద్ద వేస్తే అదే నువ్వన్న పట్టేయడం.

అన్నం సంగతంటావా, మనం కలిపే ముద్ద ఉండ కట్టుకుని లోపలికి పోతుంది, సన్న గొట్టంలో ఇరుక్కుంటుంది, చాలామందికి మొదటి ఏడాది ఇదే గోల. కంచంలో వరస మార్చు. ముందు చేపో గుడ్డో మెత్తటి పెసరట్టు ముక్కో, ఆఖర్న చోటుంటే రెండు చెంచాల అన్నం, పప్పుతో జారుగా కలిపి. డాక్టర్లు రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అంటారు, గుడ్డుకి 6 గ్రాములే వస్తుంది, ఉన్న కాస్త చోటూ అన్నానికి ఇచ్చేస్తే ఇంకెక్కడ వస్తుంది చెప్పు. చికెన్ వేపుడు పొడిపొడిగా చేస్తే అదీ తగులుకుంటుంది, పులుసులో మెత్తగా ఉడికిస్తే దిగుతుంది. నీళ్ళు మాత్రం భోజనం మధ్యలో వద్దు, తిన్నాక అరగంట ఆగాలి. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది, ఇప్పటికీ చెయ్యి గ్లాసు మీదకే పోతుంది.

రుచిగా తింటే బరువు పెరుగుతుందనుకోకు, రుచి చూస్తూ తినేవాళ్ళు ఎక్కువ తినలేరు. బరువు ఏ దారిన తిరిగొస్తుందో కింద నరసన్నపేట ఆయన ఉత్తరం చదువు, తెలుస్తుంది.

ఇక మీ అత్తగారు. మన వైపు పెద్దాళ్ళకి ప్రేమ గరిటెతోనే వస్తుంది, కంచంలో వెయ్యనివ్వకపోతే వాళ్ళని కాదన్నట్టే ఉంటుంది వాళ్ళకి. వాదించకు. ఆవిడ చేతి వంటలో నీకు బాగా ఇష్టమైంది ఒకటుంటుంది కదా, పనసపొట్టు కూరో ఇంకోటో, అది నువ్వే అడిగి చేయించుకో, ఆవిడ పక్కనే కూర్చుని మూడు చెంచాలు తిని అందులో ఆవపిండి ఎంత పెట్టారని అడుగు. మా అత్తగారైతే ఆ తర్వాత నుంచి "అది కొంచెమే తింటాది గానీ ఉప్పూ కారం సరిగ్గా చెప్తాది" అని ప్రతి వంటా నాకే ముందు రుచి చూపించేవారు. పెళ్ళి భోజనాలకి కూడా వెళ్ళు, బఫే కన్నా బంతి నయం మనకి, అందరూ లేచేదాకా ఎలాగూ కూర్చోవాలి కాబట్టి నాలుగు ముద్దలు తాపీగా నములుతూ ఉన్నా ఎవరూ చూడరు. వడ్డించేవాళ్ళొస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టెయ్యడమే.

ప్రశ్న: నరసన్నపేట నుంచి రాస్తున్నాను మేడమ్. బైపాస్ అయి ఏడాదిన్నర. 40 కిలోలు తగ్గాను, ఇప్పుడు మూడు కిలోలు పెరిగాను. భోజనం చాలా తక్కువండి, చిన్న కప్పుడు. మా షాపులో పలాస జీడిపప్పు ఉంటుంది, అప్పుడప్పుడు నాలుగు పలుకులు నోట్లో వేసుకుంటాను, సాయంత్రం కొంచెం మిక్చర్. అంతే. ఎందుకు పెరుగుతున్నాను?

జవాబు: బాబూ, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. జీడిపప్పు 100 గ్రాములకి 550 క్యాలరీల పైమాటే, మీ కప్పుడు భోజనం కన్నా ఎక్కువ, పైగా నమిలితే పిండయిపోయి ఆ చిన్న సంచిలోంచి జారిపోతుంది, మిక్చరూ అంతే, కడుపు నిండిన సంగతే తెలీదు. రేపొక్కరోజు పొద్దున్నే తినదల్చుకున్న పలుకులన్నీ ఒక చిన్న గిన్నెలో వేసి గల్లాపెట్టె పక్కన పెట్టుకోండి, అవి మధ్యాహ్నానికే అయిపోతే లెక్క మీకే తెలుస్తుంది. పప్పు మానక్కర్లేదు, పది పలుకులు భోజనంతో పాటు తినండి, నిలబడి మాత్రం తినకండి. బైపాస్ కదా, బి12, ఐరన్, కాల్షియం ఆపేశారా ఏంటి, ఉత్తరంలో ఆ మాటే లేదు. అవి జీవితాంతం. రక్తపరీక్ష కూడా ఏడాదికోసారి తప్పదు.

ప్రశ్న: మా ఆయనకి స్లీవ్ అయి మూడు వారాలు, మాది బొబ్బిలి. అన్నీ మెత్తగా ఇమ్మన్నారు. ఇంట్లో ఐదుగురం, ఆయనకి వేరే వంట, మాకు వేరే వంట, అలిసిపోతున్నాను. పైగా పోపు వాసనకే ఆయనకి వికారం.

జవాబు: రెండు వంటలు చెయ్యకండమ్మా. మీ పప్పు ఉడికాక ఉప్పూ పసుపూ వేసి, కారం పడకముందే ఒక గరిటెడు ఆయనకి తీసి మిక్సీలో వెయ్యండి. ఆనపకాయ, బీరకాయ కూడా అంతే. చోడి (రాగి) పిండి జావ పల్చగా కాచి మజ్జిగ కలిపితే మధ్యమధ్యలో గుక్కెడు గుక్కెడు తాగొచ్చు, పంచదార వద్దు. ఎంత తిన్నారని గంటగంటకీ అడగకండి, మా ఇంట్లో అడిగి అడిగి నాకు తిండంటేనే విసుగు పుట్టించారు. నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతుంటే మాత్రం నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, అలా రోజుల తరబడి అయితే బి1 విటమిన్ పడిపోయి నరాల మీదకొస్తుంది. ఒట్టి వికారమే అయితే తగ్గుతుంది, వాసనలు కొన్నాళ్ళు అలాగే గుప్పుమంటాయి. అప్పటిదాకా మీరు పోపు పెట్టేముందు ఒక కేక వెయ్యండి, ఆయన వీధరుగు మీద కూర్చుంటారు.